తెగిన వేలికి లెక్క ఉంది, మిగిలిన నొప్పికి?



బియ్యం మిల్లులోనో, రాతి క్వారీలోనో, మరమగ్గాల షెడ్డులోనో పనిచేస్తూ చెయ్యి దెబ్బతిన్న మనిషి మీ ఊళ్ళో ఒకరైనా ఉండే ఉంటారు. బెల్టులో చెయ్యి పడింది. ఆస్పత్రిలో కుట్లు వేశారు. నెల తిరిగేసరికి గాయం మానింది. చూసినవాళ్ళకు ఆ చెయ్యి బాగానే కనబడుతుంది. కానీ చొక్కా చెయ్యి రాసుకుంటే ఆ మనిషి ఉలిక్కిపడతాడు. ఫ్యాను గాలి సోకితే మంట అంటాడు. అర్ధరాత్రి లేచి తడిగుడ్డ చుట్టుకుని కూర్చుంటాడు. యజమాని “మానిపోయిందిగా, ఇంకా నొప్పేమిటి?” అంటాడు. కొన్నాళ్ళు పోయాక ఇంట్లోవాళ్ళూ ఆ మాటే అంటారు. నొప్పి కంటే ఆ మాట ఎక్కువ బాధిస్తుంది.

ఈ రోజు ప్రసంగంలో రెండు చరిత్రలు చెప్పుకుందాం. ఒకటి, గాయం మానినా మానని నరాల నొప్పిని వైద్యులు ఎలా గుర్తించారన్నది. రెండోది, పనిలో దెబ్బ తగిలినవాడికి పరిహారం అడిగే హక్కు ఎలా వచ్చిందన్నది. ఇవి వేర్వేరు దేశాల్లో, వేర్వేరు దారుల్లో నడిచాయి. రెంటినీ కలిపి చూడడానికి దారి చూపిన తీర్పు ఒకటుంది. ఆ కేసు పుట్టింది మన సరిహద్దు పక్కనే, ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో. అక్కడికి నెమ్మదిగా వెళదాం.

ముందు నొప్పి సంగతి. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. తుపాకి గుండ్లు తగిలి నరాలు దెబ్బతిన్న సైనికుల కోసం ఫిలడెల్ఫియాలో ప్రత్యేకంగా ఒక ఆస్పత్రి నడిపారు. అక్కడ పనిచేసిన వైద్యుల్లో వియర్ మిచెల్ ఒకరు. ఆయనా, ఇద్దరు సహచరులూ కలిసి 1864లో నరాల గాయాల మీద ఒక పుస్తకం అచ్చువేశారు. గుండు దెబ్బ మానిపోయిన తర్వాత కూడా కొందరు సైనికులకు చేతిలో, కాలిలో నిప్పు పెట్టినట్టు మంట ఉండేది. కాగితం గలగలలాడినా, పక్కన ఎవరైనా బరువుగా అడుగు వేసినా వాళ్ళు తట్టుకోలేకపోయేవారు. మంట చల్లారడానికి చేతికి ఎప్పుడూ తడిగుడ్డ చుట్టుకునేవారు. బూట్లలో నీళ్ళు పోసుకునేవారు. గ్రీకు మాటలతో ఆ జబ్బుకు ‘కాసాల్జియా’ అని పేరు పెట్టారు. మండే నొప్పి అని దాని అర్థం. మన మిల్లు కార్మికుడు అర్ధరాత్రి తడిగుడ్డ చుట్టుకుంటున్నాడంటే, నూట అరవై ఏళ్ళ క్రితం ఆ సైనికులు చేసిన పనే చేస్తున్నాడు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదది. నొప్పే ఇద్దరికీ నేర్పింది.

సైనికుడి నొప్పిని నమ్మారు. కూలివాడి నొప్పినీ, ప్రయాణికుడి నొప్పినీ నమ్మడానికి మాత్రం లోకం తటపటాయించింది. ఇంగ్లండులో రైళ్ళు వచ్చాక ప్రమాదాలూ వచ్చాయి. ఎముక విరగలేదు, రక్తం కారలేదు. అయినా నెలలు గడిచేకొద్దీ వెన్నునొప్పి, తిమ్మిరి, నిద్రలేమి పట్టుకున్నాయని చాలామంది కోర్టులకు వెళ్ళారు. ఎరిక్సన్ అనే లండన్ శస్త్రవైద్యుడు 1866లో ఈ బాధల మీద ఉపన్యాసాలు ప్రచురించి, వెన్నుపాము అదిరిపోవడం వల్ల ఇది వస్తుందన్నారు. జనం దాన్ని ‘రైల్వే వెన్ను’ అన్నారు. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే మరో శస్త్రవైద్యుడు దీన్ని ఖండిస్తూ పుస్తకం రాశారు. వీళ్ళలో చాలామందికి వెన్నుపాము చెడలేదని, భయమే ఇలా బాధిస్తోందని, పరిహారం ఆశ కూడా దానికి తోడవుతుందని ఆయన వాదన. పేజ్ గారు ఒక పెద్ద రైల్వే కంపెనీకి వైద్యుడు కూడా. నొప్పి నిజమా, నటనా అన్న తగవు అలా కోర్టుమెట్లెక్కింది. ఈనాటికీ దిగలేదు.

వైద్యశాస్త్రం మాత్రం ముందుకు వెళ్ళింది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పరిశోధకులు కొత్త సిద్ధాంతం ప్రతిపాదించారు. వెన్నుపాములో ఒక తలుపు లాంటి ఏర్పాటు ఉందని, నొప్పి కబురు మెదడుకు చేరే ముందు అక్కడ హెచ్చవచ్చు, తగ్గవచ్చు అని వారన్నారు. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ జంతువుల మీద చేసిన ప్రయోగాలతో మరో సంగతి తేల్చారు. గాయం తర్వాత వెన్నుపాములోని నరకణాలే అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. అప్పుడు మామూలు స్పర్శ కూడా నొప్పిగా తెలుస్తుంది. వాకిట్లో దొంగ పడ్డాక కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది చూడండి, అలాంటిదే ఇది. దొంగ ఎప్పుడో పోయాడు. మొరుగుడు మాత్రం నిజం. గాయం మానింది కాబట్టి నొప్పి ఉండడానికి వీల్లేదన్న వాదనకు శాస్త్రంలో చోటు లేదు.

ఇక రెండో చరిత్ర, హక్కు సంగతి. ఇంగ్లండులో ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే మనిషికి, మోయలేనంత సరుకు ఎక్కించిన బండి విరిగి తొడ ఎముక విరిగింది. యజమాని మీద దావా వేశాడు. పనిలో చేరినవాడు దాని ప్రమాదాన్నీ ఒప్పుకుని చేరినట్టేనన్న ధోరణిలో 1837లో న్యాయస్థానం అతని కోరిక కొట్టేసింది. ఆ తర్వాత అరవై ఏళ్ళు కార్మికులు ఆ గోడను పగలగొట్టడానికే ప్రయత్నించారు. జర్మనీ 1884లో ప్రమాద బీమా చట్టం చేసింది. ఇంగ్లండు 1897లో కార్మికుల పరిహార చట్టం చేసింది. తప్పు ఎవరిదని వెతకనక్కరలేదు, పని చేస్తుండగా ఆ పని కారణంగా దెబ్బ తగిలితే యజమాని చెల్లించాలి అన్నది కొత్త సూత్రం.

మన దేశంలో ఆ సూత్రం 1923 చట్టంగా వచ్చింది. 1924 జులై 1 నుంచి అమలయింది. శాశ్వతంగా పూర్తిగా పనికి పనికిరాకుండా పోయినవాడికి అప్పట్లో 42 నెలల జీతం, అదీ 3,500 రూపాయలకు మించకుండా ఇచ్చేవారు. ఆ చట్టం వెనకాల ఒక పట్టిక జతచేశారు. తర్వాత సవరణలు జరిగిన ఆ పట్టిక ప్రకారం, చూపుడువేలు మొత్తం పోతే నూటికి 14 వంతుల సంపాదనశక్తి పోయినట్టు. మధ్యవేలికి 12. ఉంగరపు వేలికి గాని చిటికెన వేలికి గాని 7. బొటనవేలికి 30. మణికట్టు నుంచి చెయ్యి పోతే 60.

ఆ పట్టిక చదువుతుంటే సంతల్లో వస్తువుల ధరలు చదివినట్టు అనిపిస్తుంది. అయినా దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. అంతకుముందు వేలు పోయినవాడికి యజమాని దయ తప్ప దిక్కు లేదు. ఆ పట్టిక వల్ల దయ స్థానంలో లెక్క వచ్చింది. లోపం ఎక్కడుందంటే, అది తెగిపోయినదాన్ని లెక్కపెడుతుంది. తెగకుండా మండుతున్న చేతికి అందులో వరుస లేదు.

కంటికి కనబడని హాని లెక్కలోకి రావడానికి ఎంతకాలం పడుతుందో తెలియాలంటే కోలారు బంగారు గనులను చూడాలి. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ అక్కడ గనులు నడిపింది. ఆ గనుల్లోకి చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల నుంచి తెలుగు, తమిళ కుటుంబాలు తరలివెళ్ళాయి. ఛాంపియన్ రీఫ్ గని భూమిలోపల మూడు కిలోమీటర్లకు పైగా దిగింది. రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బును సిలికోసిస్ అంటారు. మన దేశంలో ఆ జబ్బును గురించిన తొలి నివేదికగా వైద్య పాఠ్యగ్రంథాలు చెప్పేది 1947 నాటి కోలారు నివేదికనే. పరీక్షించినవారిలో నూటికి నలభై మందికి పైగా ఆ జబ్బు కనబడింది. గనులు మొదలై అప్పటికి అరవై ఏళ్ళు దాటింది. ఊపిరితిత్తి అయినా ఎక్స్‌రేలో కనబడుతుంది. అదిరే డ్రిల్లు పట్టుకుని ఏళ్ళ తరబడి రాయి తొలిచిన చేతివేళ్ళ నరాలు ఎక్స్‌రేలో కనబడవు. ఆ అదురుకు వేళ్ళు పాలిపోయి మొద్దుబారతాయని 1918లోనే అమెరికాలో, ఇండియానా రాతి క్వారీల్లో, ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు చూసి రాశారు. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ చేతులు పడ్డ బాధ అంత తేలిగ్గా లెక్కలోకి రాదు.

ఇప్పుడు జయపురం వెళదాం.

1968 జులై 6న అక్కడి ఒక సినిమా హాల్లో అలంకరణ పని చేస్తూ ఒక వడ్రంగి కిందపడ్డాడు. ఎడమ చేతిని మోచేతి దగ్గర తీసేయవలసి వచ్చింది. పరిహారం కోరాడు. కమిషనరు 9,800 రూపాయలు, దాని మీద జరిమానాగా సగం, ఆపైన నూటికి 6 వంతుల వడ్డీ ఇమ్మన్నారు. యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. పట్టిక ప్రకారం ఇది పాక్షిక నష్టమే కదా, పూర్తి నష్టంగా ఎలా కడతారు అన్నది ఆయన వాదనల్లో ఒకటి. 1975 డిసెంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వడ్రంగి పని ఒక చేత్తో అయ్యేది కాదు గనుక ఈ మనిషికి పూర్తి నష్టం జరిగినట్టేనని, కమిషనరు చేసింది సరైనదేనని ఆ తీర్పు సారాంశం. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడుతుందని కూడా అదే తీర్పు తేల్చింది.

ఈ కేసులో చెయ్యి నిజంగానే పోయింది, మన మిల్లు కార్మికుడి చెయ్యి ఉంది కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ తీర్పు అడిగిన ప్రశ్నను గమనించండి. ఎంత తెగింది అని ఆగిపోలేదు. ఈ మనిషి తన పని ఇక చేయగలడా అని అడిగింది. ఆ ప్రశ్న వేసిన చోట, తెగని చేతికి కూడా మాట్లాడే అవకాశం వస్తుంది. పైగా పట్టిక కిందనే ఒక చిన్న గమనిక ఉంది. అవయవం ఉన్నా దాని వాడకం శాశ్వతంగా, పూర్తిగా పోతే, ఆ అవయవం పోయినట్టే లెక్క. వాడకం పూర్తిగా పోకుండా కొంతే పోతే, సంపాదనశక్తి ఎంత తగ్గిందో వైద్యుడు అంచనా కట్టాలి. 2010లో ఒక మోటారు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు ఇంకా విడమరిచి చెప్పింది. వైద్యుడు రాసిన అంగవైకల్య శాతమూ, సంపాదనలో జరిగిన నష్టమూ ఒకటి కానక్కరలేదు. ఆ మనిషి ఏ పని చేసేవాడు, ఇప్పుడు ఏది చేయగలడు, ఏది చేయలేడు అని చూడాలంది. అందరికీ నూటికి నూరు వస్తుందని దీని అర్థం కాదు. వేరే పని చేసుకోగలిగినవాడికి తక్కువే వస్తుంది.

డబ్బులో ఈ తేడా ఎంతో ఒక్కసారి చూద్దాం. నలభై ఏళ్ళ మనిషి, నెల జీతం పదివేలు. అందులో 60 శాతం, అంటే 6,000. 1984 సవరణ తెచ్చిన పట్టికలో నలభై ఏళ్ళకు ఉన్న అంకె 184.17. రెండూ గుణిస్తే 11,05,020 రూపాయలు. ఇది పూర్తి నష్టానికి. చూపుడువేలు మాత్రమే పోయినట్టు లెక్కగడితే లక్షా యాభై నాలుగు వేల చిల్లర. చెయ్యి మొత్తం వాడకం పోయినట్టయితే ఆరు లక్షల అరవై మూడు వేలు. వైద్యుడి కాగితం మీద ఏమి రాసి ఉందన్నదే ఈ తేడాకు మూలం.

అందుకే ఈ ప్రసంగంలో మీరు గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. చట్టం నొప్పికి ఖరీదు కట్టదు. నొప్పి లాగేసుకున్న పనికి ఖరీదు కడుతుంది. కాబట్టి “చాలా నొప్పిగా ఉందండీ” అని ఊరుకోకండి. ఏమి చేయలేకపోతున్నారో చెప్పండి. బస్తా ఎత్తలేను, సుత్తి పది దెబ్బలు కొడితే చెయ్యి పట్టు జారుతుంది, మగ్గం దగ్గర దారం ముడి వెయ్యలేను, రాత్రి మూడుసార్లు లేస్తాను. ఇలా చెప్పండి. వైద్యుడి చేత అలాగే రాయించుకోండి.

నొప్పి ఎలాంటిదో చెప్పే మాటలు కూడా ముఖ్యమే. 1975లో మెల్జాక్ రోగులు వాడే మాటలను పోగుచేసి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 2005లో ఫ్రెంచి వైద్యులు నరాల నొప్పిని పట్టుకోవడానికి పది అంశాల పరీక్ష ఒకటి తెచ్చారు. అందులో అడిగేవి ఇవే: మంటగా ఉందా? కరెంటు కొట్టినట్టు ఉందా? చలికి కొరికినట్టు ఉందా? తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, మొద్దుబారినట్టు, దురద? మన తెలుగులో వీటన్నిటికీ మాటలున్నాయి. పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. కానీ సరిహద్దులో ఉన్న మనకు ఒక చిక్కుంది. చెప్పేది తెలుగులో, రాసుకునే డాక్టరు ఒడియావారో, కన్నడిగులో, మరాఠీవారో. మధ్యలో ఇన్ని మాటలూ కలిసి ‘నొప్పి’ అనే ఒక్క మాటగా మిగులుతాయి. బళ్ళారిలో ఉన్నవారు మంటను కన్నడంలో ‘ఉరి’ అంటారని తెలుసుకోండి. హోసూరువారు తమిళంలో ‘ఎరిచ్చల్’ అనండి. షోలాపూరువారు మరాఠీలో ‘జళజళ’ అనండి. బరంపురం, రాయగడ, జయపురంవారు ఒడియాలో ‘జళాపోడా’ అనండి. ఆ ఒక్క మాట చీటీ మీద పడితే, రేపు అది సాక్ష్యమవుతుంది.

నరాల పరీక్ష చేయించమంటే చేయించుకోండి. అందులో ఏమీ తేలకపోయినా కుంగిపోవద్దు. సన్న నరాలు దెబ్బతింటే ఆ పరీక్షలో కనబడకపోవచ్చు. మామూలు నొప్పి మాత్రలు ఈ నొప్పికి అంతగా పనిచేయవు. అందుకని డాక్టరు దిగులు జబ్బుకో, మూర్ఛకో వాడే మందును తక్కువ మోతాదులో రాయవచ్చు. “నన్ను పిచ్చివాణ్ణి అనుకున్నారు” అని ఆ చీటీ చింపేయకండి. ఆ మందులు నరాల నొప్పికి కూడా పనిచేస్తాయని తెలిసే రాస్తారు. చెప్పకుండా మధ్యలో ఆపేయవద్దు కూడా.

ఇక కాగితాలు. దెబ్బ తగిలిన వెంటనే యజమానికి రాతమూలకంగా తెలియజేయండి, నకలు దాచుకోండి. మొదటి రోజు ఆస్పత్రి చీటీలో “పనిచేస్తుండగా” అన్న మాట ఉందో లేదో చూసుకోండి. మేస్త్రీ కింద, కాంట్రాక్టరు కింద పనిచేసినా అసలు యజమానికి బాధ్యత ఉంటుంది. కొద్దో గొప్పో చేతిలో పెట్టి, ఇక ఏమీ అడగనని కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే, హక్కు వదులుకున్నట్టు రాసిన ఆ రాత చెల్లదు. దావాకు గడువు ప్రమాదం నుంచి రెండేళ్ళు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఉంది గాని దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. రేపు తగ్గుతుంది, ఎల్లుండి తగ్గుతుంది అనుకుంటూ ఉండగానే ఆ రెండేళ్ళూ గడిచిపోతాయి.

సరిహద్దువారికి ముఖ్యంగా చెప్పవలసింది ఒకటుంది. ప్రమాదం జరిగిన చోటే దావా వెయ్యాలన్న నిర్బంధం 1995 సవరణతో పోయింది. మీరు మామూలుగా కాపురం ఉండే చోట కూడా వేసుకోవచ్చు. భివండీలో చెయ్యి పోగొట్టుకున్న మనిషి ప్రతి వాయిదాకూ భివండీ వెళ్ళనక్కరలేదు. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారు మాత్రం ఆ సంస్థనే అడగాలి. అక్కడ వైద్యమండలి నిర్ణయించిన శాతాన్ని బట్టి నెలనెలా డబ్బు వస్తుంది.

1923 నాటి చట్టం ఇప్పుడు ఆ పేరుతో లేదు. 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి. కమిషనరు అని పిలిచిన అధికారిని ఇప్పుడు సమర్థ అధికారి అంటున్నారు. పని చేస్తుండగా తగిలిన దెబ్బకు యజమాని బాధ్యుడన్న మూలసూత్రం అలాగే ఉంది. దరఖాస్తు పెట్టేముందు కార్మికశాఖ కార్యాలయంలో కొత్త నమూనా అడిగి తీసుకోండి.

చివరిగా, ఆ నొప్పి పడుతున్న మనిషి ఇంట్లోవాళ్ళకు ఒక మాట. పరిహారం వచ్చేసరికి నెలలు పట్టవచ్చు, ఏళ్ళు పట్టవచ్చు. వచ్చినా ఆ మంట పోదు. కానీ “నీ నొప్పి నిజమే” అనడానికి ఏ అధికారి సంతకమూ అక్కరలేదు. ఈ రాత్రి ఆయన లేచి కూర్చుంటే, “ఇంకా నొప్పేమిటి?” అనకండి. గుడ్డ తడిపి ఇవ్వండి. రేపు పొద్దున పాత చీటీలన్నీ తేదీల వారీగా పేర్చడానికి పక్కన కూర్చోండి.